ఓడ గదిలో రోజూ హౌస్‌కీపింగ్ వద్దనవచ్చా? ఆ పని చేసినవాడిగా నా సమాధానం

ముందు సూటిగా చెబుతాను. వద్దనవచ్చు. ఎవరూ కాదనరు, అదనంగా రుసుమేమీ పడదు, అలాగని మీ బిల్లులో ఒక్క డాలరైనా తగ్గదు. అయితే మీరు రాసిన వివరాలు చూశాక పూర్తిగా వద్దనేయమని మాత్రం చెప్పలేను. డాలస్ నుంచి గాల్వెస్టన్ రేవుకు కారులో వెళ్లి 7 రాత్రుల విహార ఓడ (క్రూయిజ్) ఎక్కుతున్నారు. ఒకే గదిలో మీరు దంపతులు, పదేళ్ల బాబు, ఇండియా నుంచి వచ్చిన మీ అత్తగారు ఉంటారు. పరాయి మగవాడు రోజూ గదిలోకి రావడం ఆవిడకు ఇబ్బంది. అందుకని వద్దంటే గది శుభ్రం చేసే స్టీవార్డ్ తప్పుగా అనుకుంటాడా, వద్దన్నప్పుడు టిప్పు మానేయవచ్చా, అసలు దీనివల్ల అతనికి మేలా కీడా అని అడిగారు.

నేను విశాఖ నుంచి వెళ్లి చాలా ఏళ్లు ఓడల్లో హౌస్‌కీపింగ్ పనిలో ఉన్నాను. మొదట కేబిన్ స్టీవార్డ్‌గా, తర్వాత ఒక డెక్కుకు సూపర్‌వైజర్‌గా. అందుకని తలుపుకు అవతలి వైపు ఎలా ఉంటుందో కూడా కలిపి చెబుతాను. దాన్నిబట్టి మీరే నిర్ణయించుకోవచ్చు.

కోవిడ్‌కు ముందు దాదాపు అన్ని పెద్ద కంపెనీల్లోనూ గదికి రోజుకు రెండుసార్లు వెళ్లేవాళ్లం. ఉదయం మంచాలు సర్ది, బాత్‌రూమ్ కడిగి, చెత్త తీసి, తడి తువ్వాళ్లు మార్చడం. సాయంత్రం ప్రయాణికులు భోజనానికి వెళ్లిన వేళ కర్టెన్లు మూసి, పక్క పరిచి, మర్నాటి కార్యక్రమాల కాగితం పెట్టి, తువ్వాలును మడిచి ఏనుగునో కోతినో చేసి రావడం. ఇప్పుడు పరిస్థితి మారింది. నార్వీజియన్ క్రూయిజ్ లైన్ కంపెనీ 2023 జనవరిలో సూట్లు (ఖరీదైన పెద్ద గదులు) మినహా మిగిలిన గదులకు రోజుకు ఒకసారే అని తేల్చేసింది. రాయల్ కరీబియన్‌లోనూ మామూలు గదులకు ఒక్కసారే. కార్నివాల్‌లో ఉదయమా, సాయంత్రమా అని మొదటి రోజే అడుగుతారు. డిస్నీ ఓడల్లో, సీబోర్న్, సిల్వర్‌సీ వంటి ఖరీదైన కంపెనీల్లో రెండు పూటల పద్ధతి ఉంది. గాల్వెస్టన్ నుంచి మీలాంటి కుటుంబాలు ఎక్కువగా ఎక్కేవి కార్నివాల్, రాయల్ కరీబియన్ ఓడలే కాబట్టి, మీకు వచ్చేది ఒక్క పూట సేవ అనుకోండి. అంటే మీరు వద్దనాలనుకుంటున్నది ఇప్పటికే సగానికి తగ్గించి ఇస్తున్న సేవ.

ఇంకో సంగతి. రోజూ సేవ ఉన్నా దుప్పట్లు, దిండు గలీబులు రోజూ మారవు. 7 రాత్రుల ప్రయాణంలో సాధారణంగా మధ్యలో ఒకసారి మారుస్తారు. అడిగితే ఎప్పుడైనా మారుస్తారు. తువ్వాళ్ల సంగతి మీ చేతిలోనే ఉంది. కొక్కేనికి తగిలిస్తే మళ్లీ వాడతారని, నేల మీద పడేస్తే మార్చాలని అర్థం. బాత్‌రూమ్‌లో చిన్న కార్డు మీద ఇదే రాసి ఉంటుంది. నీటిని ఆదా చేయాలన్న ఉద్దేశంతో సేవ వద్దంటున్నవారు ఈ కొక్కేలను సరిగా వాడుకుంటే చాలు. ఓడలో వాడే మంచినీటిలో చాలా భాగం సముద్రపు నీటిని ఇంజన్ల వేడితో ఆవిరి చేసో, పొరల గుండా తోసి ఉప్పు తీసో తయారు చేసుకుంటారు. దానికి ఇంధనం ఖర్చవుతుంది. గది శుభ్రం పనిలో ఆ నీటిని ఎక్కువగా మింగేది తువ్వాళ్ల ఉతుకే. నేల తుడిచే బకెట్టు దాని ముందు లెక్కలోకి రాదు.

ఇక స్టీవార్డ్ రోజు ఎలా గడుస్తుందో చెబుతాను. మీ మూడు ప్రశ్నలకూ మూలం అక్కడే ఉంది.

పొద్దున ఏడు, ఏడున్నరకు చేతిలో గదుల జాబితాతో వరండాలోకి వస్తాడు. ఇరవైకి అటూ ఇటూ గదులు అతని బాధ్యత. సేవ ఒక పూటకు తగ్గిన ఓడల్లో గదుల సంఖ్య అంతకంటే పెరిగింది. కంపెనీలు పనిని తగ్గించి మనిషికి విశ్రాంతి ఇచ్చాయని ఎవరైనా అనుకుంటే అది అమాయకత్వం. ఇద్దరున్న గది చకచకా అయిపోతుంది. నలుగురున్న గదికి, అందులోనూ పిల్లలుంటే, అరగంట దాకా పట్టవచ్చు. మధ్యాహ్నం కొంత విరామం, సాయంత్రం మళ్లీ పని. వారంలో సెలవు రోజు ఉండదు. ఆరేడు నెలలు, కొందరికి తొమ్మిది నెలలు, ఒప్పందం పూర్తయ్యేదాకా ఇదే వరస. దీనికి అంతర్జాతీయ చట్టం ఒకటి ఉంది. 2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందం 2013 ఆగస్టులో అమల్లోకి వచ్చింది, మన దేశం 2015లో ఆమోదించింది. దాని ప్రకారం 24 గంటల్లో కనీసం 10 గంటలు, ఏడు రోజుల్లో 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. ఆ పది గంటలను రెండు ముక్కలకు మించి చేయకూడదు, అందులో ఒకటి ఆరు గంటలకు తగ్గకూడదు. ఎన్ని గంటలు పనిచేశాడో, ఎన్ని గంటలు విశ్రాంతి తీసుకున్నాడో రాసి అతని చేత సంతకం పెట్టిస్తారు.

కాబట్టి అతనికి సమయం ప్రాణం. మీరు వద్దంటే అతనికి అరగంట మిగులుతుందన్నది నిజమే. కానీ ఎలా వద్దంటున్నారన్న దాన్నిబట్టి ఆ అరగంట మిగలవచ్చు, లేదా ఇంకో అరగంట పోవచ్చు.

చాలామంది చేసేదేమిటంటే, ఏమీ చెప్పకుండా 'లోపలికి రావద్దు' అనే కార్డును తలుపుకు తగిలిస్తారు. కొత్త ఓడల్లో అయితే గోడ మీది మీట నొక్కితే బయట ఎర్ర దీపం వెలుగుతుంది. స్టీవార్డ్ తొమ్మిదింటికి వచ్చి చూస్తాడు, కార్డు ఉంది. పదకొండుకు మళ్లీ వస్తాడు, ఉంది. ఒంటి గంటకు కూడా ఉంది. జాబితాలో ఆ గది అలాగే నిలిచిపోతుంది. విరామానికి వెళ్లాలా వద్దా తేలదు. చివరికి సాయంత్రం ఆరింటికి ఆ గది వాళ్లే ఎదురై, 'తువ్వాళ్లు లేవు, చెత్తబుట్ట నిండిపోయింది, ఎవరూ రాలేదేం?' అంటారు. అందరూ ఒకేసారి స్నానాలు చేసి భోజనాలకు బయలుదేరే వేళ అది. సూపర్‌వైజర్‌గా నా దగ్గరికి వచ్చిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇలాంటి గదులవే. శుభ్రం సరిగా లేదన్నవి తక్కువ.

అదే మొదటి రోజు సాయంత్రం అతను పరిచయం చేసుకోవడానికి తలుపు తట్టినప్పుడు, 'మాకు పొద్దున వద్దు, రోజూ సాయంత్రం ఏడింటికి మేము భోజనానికి వెళ్లాక రండి, చెత్త తీసి, బాత్‌రూమ్ కడిగి, తువ్వాళ్లు మారిస్తే చాలు, మంచాలు మేము సర్దుకుంటాం' అని చెప్పారనుకోండి. అతను జాబితాలో మీ గది పక్కన గుర్తు పెట్టుకుంటాడు. ఉదయం మీ వైపు చూడడు. సాయంత్రం పది, పదిహేను నిమిషాల్లో పని ముగుస్తుంది. అతనికి 'అక్కర్లేదు' అన్న మాట కంటే ఏ వేళ రావాలి, ఏ పని చేయాలి అన్న మాట ఎంతో ఉపయోగం. నేను మీకు ఇచ్చే సలహా మొత్తం ఇదే. మిగిలినదంతా దీనికి వివరణ.

పూర్తిగా వద్దనకూడదని ఎందుకు అంటున్నానో చెబుతాను. ఇద్దరు పెద్దవాళ్లు, పెద్దగా సామాను లేనివాళ్లు, మూడు నాలుగు రాత్రులు ఎవరూ రాకపోయినా హాయిగా గడపగలరు. మీరు నలుగురు. కిటికీ లేని లోపలి గదైతే సాధారణంగా 170, 180 చదరపు అడుగుల ప్రాంతంలోనే ఉంటుంది. బాత్‌రూమ్ మన రైలు బోగీలోని టాయిలెట్ కంటే కొంచెం పెద్దది, అంతే. నలుగురి స్నానాల తేమ, దారిలో దిగే మెక్సికోలోని కోజుమెల్ బీచ్ నుంచి వచ్చిన తడి బట్టలు, ఇసుక, చిరుతిళ్ల పొట్లాలు అన్నీ ఆ గదిలోనే. మూడో రోజుకు ఇసుక దుప్పట్లలోకి చేరుతుంది. షవర్ గొట్టం దగ్గర జుట్టు చిక్కుకుని నీరు నిలుస్తుంది. గది వాసన మీకు తెలియదు, ఎందుకంటే మీరు అందులోనే ఉంటారు. వారం చివర అలాంటి గదిని ఒక్కసారిగా శుభ్రం చేయడం రోజూ కాస్త కాస్త చేయడం కంటే ఎంతో కష్టం. అదీ ఓడ ఖాళీ అయ్యే రోజున, అన్ని గదులూ కొన్ని గంటల్లో తయారుచేయాల్సిన రోజున. అతని భారం తగ్గిద్దామని ఆరు రోజులు వద్దన్నవారు, దాన్నంతా మూటగట్టి ఏడో రోజున అతని నెత్తిన పెడుతున్నారన్నమాట.

మంచాల విషయం కూడా చూసుకోవాలి. నలుగురి గదిలో సాధారణంగా ఒక పెద్ద మంచం, ఒక సోఫా మంచం, గోడలోంచో పైకప్పులోంచో దించే బెర్తు ఉంటాయి. రెండు పూటల సేవ ఉన్నప్పుడు రాత్రి బెర్తు దించి, నిచ్చెన తగిలించి, ఉదయం ఎత్తేసేవాళ్లం. ఒక పూట సేవలో అది ఇరవైనాలుగు గంటలూ దించే ఉంటుంది, లేదా మీరు సాయంత్రం సేవ కోరుకుంటే రాత్రికి దించి పెడతారు. ఉదయం ఎత్తమని విడిగా అడగాలి. దానికి తాళం ఉంటుంది కాబట్టి మీరే ఎత్తడానికి, దించడానికి ప్రయత్నించవద్దు. బాబు పైన పడుకుంటే పగలు కూడా దించి ఉండటం మీకు ఇబ్బంది కాకపోవచ్చు. కానీ దాని కింద సోఫా మీద కూర్చుని లేచినప్పుడు మీ అత్తగారి తల తగలకుండా చూసుకోండి. పెద్దవాళ్లకు ఓడ గదుల్లో తగిలే దెబ్బల్లో ఇదొకటి, బాత్‌రూమ్ గుమ్మం దగ్గర ఎత్తుగా ఉండే గట్టు మరొకటి.

ఇప్పుడు మీ అత్తగారి ఇబ్బంది గురించి. అది చాలా సహజమైనది, ఓడలో పనిచేసేవాళ్లు దాన్ని కొత్తగా చూడరు. ఆవిడ గదిలో ఉండగా ఎవరూ రావాల్సిన అవసరమే లేదు. అందరూ కలిసి ఉదయం టిఫినుకు వెళ్లే వేళ గానీ, రాత్రి భోజనం వేళ గానీ చెప్పండి. ఆవిడ తిరిగి వచ్చేసరికి పని అయిపోయి ఉంటుంది. వారమంతా ఆవిడకు స్టీవార్డ్ ముఖం కనబడకపోయినా ఆశ్చర్యం లేదు. ఒకవేళ ఆవిడ గదిలో ఉన్నప్పుడే చేయాల్సి వస్తే, పని జరుగుతున్నంతసేపూ తలుపు తెరిచే ఉంచుతారు. ఇది చాలా ఓడల్లో మామూలు పద్ధతి. ఇద్దరికీ రక్షణ. స్త్రీలు కూడా స్టీవార్డులుగా ఉంటారు కాబట్టి వీలైతే స్త్రీని పంపమని అతిథి సేవల కౌంటరులో అడగవచ్చు. ఇస్తారన్న హామీ లేదు, అడగడంలో తప్పు మాత్రం లేదు.

మన కుటుంబాలు ఎక్కువగా తెలుసుకోవాల్సిన విషయాలు కొన్ని ఉన్నాయి, బ్రోచర్లలో ఎవరూ రాయరు. పూజ సంగతి మొదటిది. దీపం, అగరుబత్తి, కర్పూరం మూడూ నిషిద్ధం. గదిలోని పొగ పరికరం మోగిందంటే వచ్చేది స్టీవార్డ్ కాదు, భద్రతా సిబ్బంది. ఓడలో నిప్పుకు ఉన్నంత భయం తుఫానుకు కూడా ఉండదు. బ్యాటరీతో వెలిగే చిన్న దీపం పెట్టుకోవచ్చు. దేవుడి పటాలను ఒక అరలో పెట్టి, 'దీన్ని ముట్టుకోవద్దు' అని మొదటి రోజే చెబితే ఆ అర తుడవడం కూడా మానేస్తారు. చెప్పకపోతే తుడవడానికి పటం తీసి పక్కన పెడతారు, అందులో వారి తప్పేమీ ఉండదు.

రెండోది మరకలు. పసుపు, కుంకుమ, గోరింటాకు, తలనూనె. ఓడలో తువ్వాళ్లు, దుప్పట్లు అన్నీ తెల్లవే. పసుపు పడిన తెల్ల తువ్వాలు ఎంత ఉతికినా మామూలు రంగుకు రాదు, చివరికి నేల తుడిచే గుడ్డల్లోకి పోతుంది. ఆవిడ ముఖానికి, పాదాలకు పసుపు రాసుకునే అలవాటు ఉంటే ఇంటి నుంచి ఒక పాత తువ్వాలు, దిండు మీద వేసుకోవడానికి ఒక రంగు గుడ్డ పట్టుకెళ్లండి. ఒక్కరి తువ్వాలు పాడైతే ఎవరూ డబ్బు అడగరు. కానీ మీరు హౌస్‌కీపింగ్ భారం తగ్గించాలన్న మనసుతో ఉన్నారు కాబట్టి చెబుతున్నాను, ఓడ లాండ్రీలో పనిచేసేవాళ్లకు ఇది నిజంగా కనిపించే మేలు.

మూడోది మరుగుదొడ్డి. ఓడల్లో గాలి పీల్చే పద్ధతిలో పనిచేసే టాయిలెట్లు ఉంటాయి. సన్నని గొట్టాలు. తడి టిష్యూలు, శానిటరీ ప్యాడ్లు, పిల్లల డైపర్లు అందులో వేస్తే ఆగిపోయేది మీ ఒక్క గదిదే కాదు, ఆ వరుసలో పది పన్నెండు గదులవి ఆగిపోతాయి. పొట్లం మీద 'ఫ్లష్ చేయవచ్చు' అని రాసి ఉన్నా నమ్మవద్దు. మన స్ప్రే గొట్టం ఉండదు కాబట్టి ప్లాస్టిక్ మగ్గు ఒకటి తీసుకెళ్లండి, అందరూ తీసుకెళ్తారు, స్టీవార్డులకు అలవాటే. నేల తడిస్తే అదనంగా ఒక కాళ్లపట్టా అడగండి.

నాలుగోది కుక్కరు, కెటిల్. అమెరికా నుంచి నడిచే చాలా కంపెనీల్లో కరెంటు కెటిల్, రైస్ కుక్కరు, ఇస్త్రీపెట్టె గదిలో ఉండకూడదు. బ్రిటిష్ ప్రయాణికుల కోసం నడిచే ఓడల్లో అయితే కెటిల్ వాళ్లే పెడతారు, అది వేరే లెక్క. సామాను తనిఖీలో దొరకకపోయినా, గది శుభ్రం చేసేటప్పుడు కనబడితే స్టీవార్డ్ చూసీ చూడనట్టు పోలేడు. పై అధికారికి చెప్పడం అతని విధి, చెప్పకపోతే అతనికే మాట పడుతుంది. దాన్ని తీసుకెళ్లి చివరి రోజు తిరిగి ఇస్తారు. కొందరు తెలుగువారు కుక్కరు కనబడకూడదనే హౌస్‌కీపింగ్ వద్దంటారని నాకు బాగా తెలుసు. మీరు ఆ కోవలోకి రారనే అనుకుంటున్నాను. వేడినీళ్లు బఫేలో రాత్రింబగళ్లు దొరుకుతాయి. మంచి మూత ఉన్న ఫ్లాస్కు తీసుకెళ్తే ఆవిడ కాఫీకి ఇబ్బంది ఉండదు. ఇంట్లో వండినవి ఎక్కించుకోవడం చాలా కంపెనీల్లో కుదరదు. సీలు తీయని పొట్లాల్లోని కారప్పొడులు, చేగోడీల వంటివాటికి సాధారణంగా అభ్యంతరం ఉండదు.

ఇక టిప్పు. ఇక్కడ కాస్త గట్టిగానే చెబుతాను. అమెరికా కంపెనీల్లో మనిషికి రోజుకు 16 నుంచి 20 డాలర్ల దాకా సేవా రుసుము బిల్లులో దానంతట అదే పడుతుంది, సూట్లలో ఇంకొంచెం ఎక్కువ. మనిషికి 17 డాలర్లు అనుకుంటే నలుగురికి 7 రాత్రులకు 476 డాలర్లు. చిన్న మొత్తమేమీ కాదు, అందుకే ఈ ప్రశ్న వస్తుంది. ఆ డబ్బు మీ స్టీవార్డ్ ఒక్కడికే పోదు. భోజనశాలలో వడ్డించేవాళ్లు, వాళ్ల సహాయకులు, కంపెనీని బట్టి లాండ్రీ, వంటగది వెనక పనిచేసేవాళ్లు కూడా అందులో వాటాదారులు. ఓడ ఉద్యోగి ఆదాయంలో అది పెద్ద భాగం. మీరు గది శుభ్రం వద్దన్నా అన్నం తింటారు, తువ్వాళ్లు వాడతారు, చివరి రోజు మీ గదిని ఎవరో ఒకరు కడుగుతారు. సేవ వద్దన్నాను కాబట్టి రుసుము తీసేయండి అని కౌంటరులో అడిగితే చాలా కంపెనీలు తీసేస్తాయి కూడా. దాని బదులు స్టీవార్డ్ చేతికి నగదు ఇస్తామంటారు కొందరు. బిల్లులో రుసుము తీసేసిన గది నుంచి వచ్చిన నగదును ఉమ్మడి నిధిలో జమ చేయాలన్న నియమం కొన్ని కంపెనీల్లో ఉంది. కాబట్టి మీరు అనుకున్నట్టు అతనికి చేరకపోవచ్చు. బిల్లులోది అలాగే ఉంచి, పైన మీకు తోచింది చేతికి ఇస్తే అది అతనిదే.

బ్రిటన్‌కు చెందిన పీ అండ్ ఓ క్రూయిజెస్ 2019 నుంచి ఈ రుసుమును విడిగా వసూలు చేయడం మానేసి టికెట్టు ధరలోనే కలిపేసింది. నా మట్టుకు నాకు అదే సరైన పద్ధతి. జీతం ఇవ్వాల్సిన బాధ్యతను ప్రయాణికుడి దయ మీద పెట్టడం ఎవరికీ మర్యాద కాదు. కానీ ఆ వాదనను కంపెనీతో తేల్చుకోవాలి, మీ బిల్లులో గీత కొట్టి తేల్చుకోకూడదు.

మీకు హోటళ్ల వార్తలు చదివి ఇంకో సందేహం వచ్చి ఉండవచ్చు. అమెరికా హోటళ్లలో గది శుభ్రం వద్దంటే పాయింట్లు, కూపన్లు ఇచ్చే పథకాలు వచ్చాయి, పర్యావరణం పేరు చెప్పి. అక్కడ పనిచేసేవారిది గంటల లెక్క కూలి కాబట్టి గదులు తగ్గితే పని గంటలు తగ్గి, ఇంటికి తీసుకెళ్లే డబ్బు తగ్గింది. పైగా మూడు రోజులు ముట్టని గదిని అదే నిర్ణీత సమయంలో శుభ్రం చేయాల్సి వచ్చేది. లాస్ వేగస్‌లో కార్మిక సంఘం 2023 ఒప్పందాల్లో రోజూ గది శుభ్రం తప్పనిసరి అని రాయించుకున్నది అందుకే. ఓడలో లెక్క వేరు. స్టీవార్డ్‌ది నెల లెక్కన ఒప్పందం, మీరు ఒక రోజు వద్దంటే అతని జీతం కోత పడదు. కాబట్టి 'నేను వద్దంటే అతని ఉద్యోగం పోతుందేమో' అన్న భయం అక్కర్లేదు. ప్రయాణికులంతా వద్దంటున్నారన్న లెక్క చూపించి కంపెనీ రేపు ఒక్కొక్కరికి మరో ఐదు గదులు కలపదా అంటే, దానికి నేను పూచీ పడలేను. రెండు పూటలు ఒక పూట అయిన కాలంలో జరిగింది అదే.

ఒకే ఒక్క పరిస్థితిలో మాత్రం ఎవరు ఏమనుకుంటారన్నది పక్కన పెట్టండి. గదిలో ఎవరికైనా వాంతులో విరేచనాలో మొదలైతే 'సేవ వద్దు' అని తలుపు మూసుకుని దాచవద్దు. నోరోవైరస్ ఓడల్లో పాకే జబ్బుల్లో అన్నిటికంటే మొండిది. కొద్దిపాటి కణాలు చాలు, తలుపు పిడుల మీద, మీటల మీద రోజుల తరబడి బతుకుతుంది, చేతులకు రాసుకునే శానిటైజర్‌కు సరిగా లొంగదు. సబ్బు, నీళ్లతో చేతులు కడుక్కోవడమే మార్గం. వైద్యశాలకు ఫోను చేస్తే మామూలు స్టీవార్డ్ కాకుండా విడిగా శిక్షణ పొందిన బృందం వచ్చి క్లోరిన్ ద్రావణంతో గది తుడుస్తుంది, ఆ గది బట్టలను వేరే సంచిలో కట్టి తీసుకెళ్తుంది. జబ్బు చేసినవారిని ఒకటి రెండు రోజులు గదిలోనే ఉండమంటారు, భోజనం తలుపు దగ్గరికే వస్తుంది. ఆ భయంతోనే చాలామంది దాస్తారు. దాచిన గదిలోకి మామూలు గుడ్డ, మామూలు తొడుగులతో వెళ్లిన స్టీవార్డ్ అదే చేత్తో తర్వాతి గది తలుపు తీస్తాడు. ప్రయాణికుల్లో గానీ సిబ్బందిలో గానీ నూటికి ముగ్గురు ఈ లక్షణాలు ఉన్నాయని చెబితే అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ దాన్ని వ్యాప్తిగా బహిరంగంగా ప్రకటిస్తుంది. మీ అత్తగారి వయసులో ఒంట్లో నీరు తగ్గడం ప్రమాదం కూడా, కాబట్టి వైద్యుడికి తెలియడమే మంచిది.

వద్దన్నంత మాత్రాన గదిలోకి అసలు ఎవరూ రారని కూడా అనుకోవద్దు. కార్డు రోజంతా తలుపుకు వేలాడుతూ, లోపలి నుంచి అలికిడి లేకపోతే మొదట ఫోను చేస్తారు, పలకకపోతే ఇద్దరు కలిసి తలుపు తట్టి తెరుస్తారు. లోపల ఎవరైనా పడిపోయి ఉండవచ్చన్న అనుమానంతో చేసే పని అది, పెద్దవాళ్లు ఎక్కువగా ఉండే ఓడల్లో అది ప్రాణాలు నిలిపిన సందర్భాలు నేను చూశాను. గొట్టం కారినా, బాల్కనీ కడగాల్సి వచ్చినా, అధికారుల తనిఖీ ఉన్నా కూడా వస్తారు.

విలువైన వస్తువుల గురించి మీరు అడగలేదు, అయినా చాలామంది మనసులో ఉండే మాట కాబట్టి చెబుతాను. పాస్‌పోర్టులు, నగలు, నగదు గదిలోని చిన్న లాకర్‌లో పెట్టండి. గది తాళం కంప్యూటర్‌కు ముడిపడి ఉంటుంది. ఏ కార్డుతో, ఏ నిమిషంలో తలుపు తెరుచుకుందో నమోదవుతుంది. ఆ సంగతి స్టీవార్డులందరికీ తెలుసు. ఏదైనా కనబడకపోతే ముందు దుప్పట్ల మడతల్లో, సోఫా సందుల్లో వెతకండి. నేను చూసిన 'దొంగతనాల్లో' ఎక్కువ అక్కడే దొరికాయి. అత్తగారి గాజులైతే బట్టల బీరువాలో వేలాడే సంచిలో.

విశాఖ, చెన్నై నుంచి కార్డీలియా కంపెనీ ఓడ ఎక్కే బంధువులకో, సింగపూర్ నుంచి మూడు నాలుగు రాత్రులు వెళ్లే స్నేహితులకో ఇదే సలహా ఇస్తారేమో, అక్కడ కొంచెం మార్చి చెప్పండి. రెండు మూడు రాత్రుల ప్రయాణంలో చెత్త, తువ్వాళ్లు తప్ప మిగిలినవి వద్దన్నా ఏమీ కాదు. పెట్టె పూర్తిగా విప్పకముందే దిగాల్సిన రోజు వస్తుంది. మీది ఏడు రాత్రులు, నలుగురు మనుషులు కాబట్టి ఇంత వివరంగా రాశాను.

మీ గదికి నేనైతే ఇలా ఏర్పాటు చేసుకుంటాను. సాయంత్రం పూట సేవ, భోజనానికి వెళ్లే సమయం ముందే చెప్పి. చెత్త, బాత్‌రూమ్, తువ్వాళ్లు రోజూ. బాబు బెర్తు రాత్రికి దించి ఉంచాలి. దేవుడి అర ముట్టుకోవద్దు. నాలుగో రోజు దుప్పట్లు మార్చాలి. రోఆటాన్, కోజుమెల్ వంటి రేవుల్లో దిగే రోజు అందరూ పొద్దున్నే బయటికి పోతారు కాబట్టి ఆ ఒక్క రోజు ఉదయమే చేసుకొమ్మని చెబితే స్టీవార్డ్ సంతోషిస్తాడు. సాయంత్రం అతనికి ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది. ప్రయాణం అయ్యాక కంపెనీ నుంచి వచ్చే అభిప్రాయాల ఫారంలో అతని పేరు రాయండి. పదోన్నతికి, తర్వాతి ఒప్పందానికి ఆ పేర్లు చూస్తారు. మొదటి రోజే పేరు అడిగి ఫోనులో రాసి పెట్టుకోండి, వారం తర్వాత గుర్తుండదు.

చివరి రాత్రి పెద్ద పెట్టెలు వరండాలో పెట్టే ముందు మందులు, మర్నాటి బట్టలు, పాస్‌పోర్టులు చేతిసంచిలోకి తీసుకోండి. ఉదయం గది ఖాళీ చేయాల్సిన సమయం కార్యక్రమాల కాగితంలో ఉంటుంది, సాధారణంగా ఎనిమిది ప్రాంతంలో. అప్పటినుంచి మధ్యాహ్నం కొత్త ప్రయాణికులు ఎక్కేదాకా స్టీవార్డ్‌కు ఉన్నది నాలుగైదు గంటలే, అందులోనే తన గదులన్నీ పూర్తి కావాలి. సమయానికి బయటపడండి. మీ అత్తగారికి దిగేటప్పుడు చక్రాల కుర్చీ కావాలంటే ముందు రోజే అతిథి సేవల కౌంటరులో పేరు రాయించండి, ఆ రోజు ఉదయం అడిగితే వరుసలో గంట ఆగాల్సి వస్తుంది.